ఓడ ఉద్యోగం, ఆఫ్రికా రేవులు, మలేరియా భయం

ప్రశ్న: మాది చిత్తూరు. మా అబ్బాయి నాటికల్ సైన్స్ చదివి డెక్ క్యాడెట్‌గా (ఓడలో ట్రైనీ ఆఫీసర్‌గా) చేరబోతున్నాడు. మొదటి ఓడే పశ్చిమ ఆఫ్రికా రేవులు లాగోస్, అబిజాన్ వైపు వెళ్తుందట. అక్కడ మలేరియా వస్తే ప్రాణాల మీదికి వస్తుందని బంధువులు టెన్షన్ పెడుతున్నారు. మాన్పించమంటారా?

జవాబు: మాన్పించకండమ్మా. అలాగని మీ భయాన్ని కొట్టిపారేయను. పశ్చిమ ఆఫ్రికాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపేరం మలేరియా, అంటే మలేరియాల్లో అన్నిటికంటే ప్రమాదకరమైన రకం. వైద్యం ఆలస్యమైతే రోజుల్లోనే మెదడుకు, కిడ్నీలకు పాకుతుంది. దోమ కుట్టాక కనీసం వారం గడిస్తే గానీ జ్వరం రాదు. అప్పటికి ఓడ నడిసముద్రంలో ఉంటుంది. సరుకు ఓడల్లో మామూలుగా డాక్టర్ ఉండరు. మందుల బాధ్యత చూసే ఆఫీసరే ఒడ్డునున్న డాక్టర్‌ని ఫోన్‌లో అడిగి వైద్యం చేయాలి. అందుకే జ్వరం రాకముందు తీసుకునే జాగ్రత్తకే విలువ ఎక్కువ.

చిత్తూరు దోమల మధ్య పెరిగినవాడే కదా అని ధీమా పడొద్దు. ఆ మలేరియాను తట్టుకునే శక్తి దానివల్ల రాదు. డాక్టర్ రాసిన నివారణ మాత్రలు వేసుకోవాల్సిందే. డాక్సీసైక్లిన్ అయితే రేవు చేరడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, రేవు వదిలాక కూడా 4 వారాలు వాడాలి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే వదిలాక 7 రోజులు. రేవు దాటింది కదా అని మధ్యలో ఆపేస్తేనే ప్రమాదం. డాక్సీసైక్లిన్ వాడేవాళ్లకు ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది, కాబట్టి డెక్ మీద పని అని డాక్టర్‌కి ముందే చెప్పమనండి. మలేరియా దోమ పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారేదాకా కుడుతుంది. రాత్రి గ్యాంగ్‌వే వాచ్ (రేవులో ఓడ మెట్ల దగ్గర కాపలా) పడితే నిండు చేతుల చొక్కా, దోమల క్రీమ్ తప్పనిసరి.

సంతకం పెట్టేముందు కంపెనీని అడగండి: నివారణ మాత్రలు మీరే ఇస్తారా, ఓడలో మలేరియా టెస్ట్ కిట్, చికిత్స మందులు ఉన్నాయా? అంతర్జాతీయ సముద్ర కార్మికుల ఒప్పందం (2006) ప్రకారం ఓడలో ఉన్నంతకాలం వైద్యం ఖర్చు నావికుడి మీద పడకూడదు. ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పని కంపెనీలో మీవాణ్ణి చేర్చకండి, ఇంకో ఓడ దొరుకుతుంది.

ఎల్లో ఫీవర్ టీకా వేరే సంగతి. అది మలేరియాను ఆపదు, కానీ ఆ దేశాలకు వెళ్లేవాళ్లు వేయించుకోవాల్సిందే. చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. సర్టిఫికెట్ 10 రోజుల తర్వాతే చెల్లుతుంది, కాబట్టి ప్రయాణం దగ్గరపడేదాకా ఆగొద్దు.

సెలవుకు ఇంటికొచ్చాక జ్వరమొస్తే, తిరుపతి రుయా ఆసుపత్రికి వెళ్లినా, మీ వీధి డాక్టర్ దగ్గరికి వెళ్లినా, "ఆఫ్రికా రేవుల నుంచి వచ్చాను, మలేరియా పరీక్ష చేయండి" అని మొదటే చెప్పాలి. చెప్పకపోతే డెంగీ అనో వైరల్ అనో అనుకుని విలువైన రోజులు పోతాయి. మాత్రలు పూర్తిగా వాడినా సరే, ఈ మాట చెప్పాల్సిందే.