వర్గమూలం గుర్తు లోపల ఏం జరుగుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. √72ను సూక్ష్మీకరించమంటే ఒకసారి 2√18 దగ్గర ఆపేస్తుంది, ఇంకోసారి 5√2 అని రాస్తుంది. కారణాంకాలు తీయడం తనకు బాగానే వచ్చు. మరి పొరపాటు ఎక్కడ జరుగుతోంది?

జవాబు: ఆ రెండు జవాబులూ ఒక కోవలోవి కావు. 2√18 తప్పు కాదు, అసంపూర్తిగా మిగిలింది. 18లో 9 అనే వర్గ సంఖ్య ఇంకా ఉంది కనుక, దాన్ని కూడా తీస్తే 2 × 3√2, అంటే 6√2 వస్తుంది. 5√2 మాత్రం అసలైన తప్పే. 72ను 2 × 2 × 2 × 3 × 3 అని విడగొట్టి, జతకు ఒకటి చొప్పున 2ను, 3ను బయటికి తెచ్చి, వాటిని గుణించడానికి బదులు కూడి ఉంటుంది. ‘జతలో ఒకటి బయటికి వస్తుంది’ అన్న చిట్కాను నేను తప్పుపట్టను గానీ, ఎందుకు వస్తుందో చెప్పకుండా నేర్పితే పిల్లలు ఇలాగే తడబడతారు.

కొన్నాళ్లు చిట్కా పక్కన పెట్టి, √72 = √(36 × 2) = √36 × √2 = 6√2 అని ప్రతి మెట్టూ రాయించండి. 4, 9, 16, 25, 36 వంటి వర్గ సంఖ్యలు నోటికి వస్తే, ఇచ్చిన సంఖ్యను నిశ్శేషంగా భాగించే అతి పెద్ద వర్గ సంఖ్యను పట్టుకోవడం తేలికవుతుంది, 2√18 దగ్గర ఆగిపోయే అవసరమూ ఉండదు. జవాబు వచ్చాక దాన్ని వర్గం చేసి చూడమనండి. 5√2ను వర్గం చేస్తే 25 × 2 = 50; 6√2ను చేస్తే 36 × 2 = 72. తన తప్పు తనకే కనిపిస్తుంది.

ఇలా విడదీయడం గుణకారానికే చెల్లుతుంది. √(9 + 16) అంటే √25, అంటే 5. దాన్ని 3 + 4 అని విడదీస్తే 7 వస్తుంది. 1525లో క్రిస్టాఫ్ రుడోల్ఫ్ వాడిన √ గుర్తుకు పైగీత లేదు. 1637లో డెకార్ట్ ఆ గీతను చేర్చాడు. గీత కింద ఉన్నదంతా ఒక్క సంఖ్యేనని చెప్పడమే దాని పని.

చరరాశులకూ ఇదే పద్ధతి: తొమ్మిదో ఘాతం ఉంటే నాలుగో ఘాతం బయటికి వస్తుంది, ఒక్కటి లోపల మిగులుతుంది. అయితే (−3)² వర్గమూలం −3 కాదు, 3 అని మరవకూడదు.

ఇవి కుదిరాక √50 + √18 ఇచ్చి చూడండి. 5√2 + 3√2 = 8√2 అని రాస్తే సరే. √68 అని రాస్తే దిద్దకండి; √50 ఏడు కంటే ఎక్కువ, √18 నాలుగు కంటే ఎక్కువ, √68 తొమ్మిది కంటే తక్కువ అని తన చేతే రాయించి, ఈ మూడూ ఎలా పొసగుతాయో అడగండి.