పరిశీలన రికార్డు ఎందుకు వెనక్కి వస్తోందంటే

అంగన్‌వాడీలో పిల్లల్ని గమనించి రాస్తున్న పరిశీలన రికార్డును మీ మేడం ఎందుకు వెనక్కి పంపుతున్నారని, అందులోంచి ఒక ముక్క పెట్టి అడిగారు కదా. కారణం ఆ ముక్కలోనే ఉంది. "పాప మొండిది, ఎవరితోనూ కలవదు" అని రాశారు. అది మీ అభిప్రాయం, పరిశీలన కాదు. మేడం "మళ్లీ రాయండి" అన్నది దానికే అయ్యుంటుంది.

అనంతపురంలో మీరు వెళ్తున్న అంగన్‌వాడీలోనే ఇలా చేయండి.

1. పేజీ మధ్యలో గీత కొట్టండి. ఎడమవైపు చూసింది, విన్నది. కుడివైపు మీకు తోచిన అర్థం, అది ఇంటికొచ్చాకే.

2. చాలామంది వదిలేసేది ఇదే: పిల్లల మాటను ఉన్నదున్నట్టు రాయాలి. పాప "యాడికి పోతాండావ్ అక్కా?" అంటే అట్లే రాయండి. "ఎక్కడికి వెళ్తున్నావు?" అని దిద్దారంటే ఆ వయసులో పాప మాట ఎలా కూర్చుకుంటోందో చూపే ఆధారమే పోతుంది. మధ్యలో ఇంటి ఉర్దూనో కన్నడమో దొర్లినా తీసేయకండి. మాట తెగినచోట, సైగ చేసినచోట అదీ రాయండి. రికార్డుకు ప్రాణం ఇక్కడే.

3. వయసు నెలలతో సహా: 3 ఏళ్ల 4 నెలలు, ఇలా.

4. "కలవదు" అనేముందు పిల్లల ఆటను అధ్యయనం చేసిన పరిశోధకురాలు మిల్‌డ్రెడ్ పార్టెన్ 1932లో ప్రచురించిన ఆట వర్గాలు చూడండి. పిల్లలు ఆడేటప్పుడు ఒకరితో ఒకరు ఎంత కలుస్తున్నారన్నదాన్ని బట్టి చేసిన వర్గాలవి. పక్కపిల్లలాగే ఇసుక పోస్తూ, ఆ పిల్లతో మాట్లాడకుండా ఆడుతుంటే అది సమాంతర ఆట. మూడేళ్ల పిల్లల్లో మామూలే. దయచేసి మొండితనం అనకండి, ఆ ముద్ర పాపను వదలదు.

5. రికార్డులో అసలు పేరు వద్దు. అమ్మానాన్నల అనుమతి ముందే తీసుకోండి.