పైఅధికారికి పర్యావరణం మీద శ్రద్ధ ఉంటే ఉద్యోగులు నిజంగా మారతారా?

మారతారు. కాకపోతే ఆయన పంపిన మెయిల్ చదివి కాదు, ఆయన్ని చూసి. ఆఫీసులో దేనికి విలువ ఉందో కొత్తగా చేరినవాళ్లు పైవాళ్ల నడవడిని బట్టే పసిగడతారు. మనుషులు ఎదుటివారిని గమనించి నేర్చుకుంటారని మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో వివరించింది ఇక్కడ అచ్చంగా సరిపోతుంది.

2024 మార్చిలో మా బెంగళూరులో నీటికి కటకట వచ్చింది. తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది, ఆఫీసుల కుళాయిలకు నీటి ధారను తగ్గించే ఏరేటర్లు బిగించమంది. అది రూలు, చేసి తీరాలి. కానీ సగం తాగి వదిలేసిన నీళ్ల సీసాకు జరిమానా ఎవరు వేస్తారు? నాయకుడి ప్రభావం తెలిసేది ఇలాంటి చోటే. వైట్‌ఫీల్డ్‌లో మా మేనేజర్ గారు ప్రతి మీటింగ్‌కీ ఇంటి నుంచి స్టీలు సీసా తెచ్చుకునేవారు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. నెల తిరక్కుండా మా టీమ్‌లో ప్లాస్టిక్ సీసాలు కనబడకుండా పోయాయి. ఒంగోలు కుర్రాడొకడు ఖాళీ గదుల్లో ఏసీలు ఆపే పని తనంతట తానే నెత్తిన వేసుకున్నాడు. ఆయన అందరి ముందూ అతన్ని మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు చాలా పని చేసింది, ఎందుకంటే ఇలాంటి పని ఎవరి ఉద్యోగ బాధ్యతల్లోనూ రాసి ఉండదు.

చెప్పేదొకటి, చేసేదొకటి అయితే మాత్రం ఉన్న ఉత్సాహం కూడా చచ్చిపోతుంది. వేదిక మీద మొక్క నాటి, కింద కారు ఇంజన్ ఆన్‌లోనే ఉంచితే సిబ్బంది చూడకుండా ఉండరు.