రామాయపట్నం దారిలో ఇంటికి విలువ కట్టబోయే ముందు

ఒంగోలు

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రామాయపట్నం దగ్గర ఒక ఇంటికి విలువ కట్టమని బ్యాంకు నిన్ను పంపింది. యజమాని సెంటు లెక్కన ఒక ధర చెప్పాడు. నెల్లూరు నుంచి వచ్చిన మధ్యవర్తి అంకణం లెక్కన ఇంకొకటి చెప్పాడు. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో ప్రభుత్వం పెట్టిన విలువ ఈ రెండింటికీ ఆమడ దూరంలో ఉంది. ‘కొత్త ప్రభుత్వం రిఫైనరీ తెస్తోంది కదా మామయ్యా, ఆ లెక్క కూడా కలపాలా?’ అని అడిగావు. కలపవద్దు. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే ముందు దొనకొండ సంగతి చెప్పాలి. మీ అమ్మకు కూడా ఇది పూర్తిగా తెలియదు.

2014లో రాష్ట్రం విడిపోయింది. జూన్ 8న కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసింది. రాజధాని ఎక్కడో ఎవరూ చెప్పలేదు. కాని దొనకొండే అని మన జిల్లా అంతా నమ్మింది. ప్రభుత్వ భూమి ఎక్కువగా ఉందన్నారు, బ్రిటిషు కాలం నాటి విమానాశ్రయం ఉందన్నారు. మేకలు తిరిగే బీళ్ల దగ్గర కార్లు బారులు తీరాయి. ఆ రోజుల్లో ఒక కుటుంబం ఇంటికి నేను విలువ కట్టాను. పెంకుటిల్లు, వెనక కొంత ఖాళీ స్థలం. కొడుకు ఇల్లు తాకట్టు పెట్టి మరికొంత నేల కొనాలనుకున్నాడు. చుట్టుపక్కల జరిగిన అమ్మకాలంటూ మూడు అగ్రిమెంట్లు నా ముందు పెట్టారు. వాటినే ఆధారం చేసుకుని అంకె వేశాను. బ్యాంకు అప్పు ఇచ్చింది.

సెప్టెంబరు 4న అసెంబ్లీలో ప్రకటన వచ్చింది, రాజధాని విజయవాడ చుట్టుపక్కలేనని. ఆ అగ్రిమెంట్లు మూడూ బయానా దగ్గరే ఆగిపోయాయి. ఒక్కటి కూడా రిజిస్టరు కాలేదు. కొన్నవాళ్లు బయానా వదులుకుని వెళ్లిపోయారు. వీళ్ల ఇల్లు మాత్రం వేలానికి వచ్చింది. ఆ రోజు ఆ ఇంటి పెద్దావిడ గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. అంకె నాది, ఇల్లు ఆమెది. చాలా ఏళ్లు నేను ఆ దారిన వెళ్లలేకపోయాను.

అప్పటి నుంచి నాది ఒకటే పట్టు. ప్రభుత్వం చెప్పిన మాటకు నేను విలువ కట్టను. ప్రభుత్వం వెలువరించిన ఉత్తర్వును రిపోర్టులో రాస్తాను కాని ధరలో కలపను. పని మొదలై, దాన్ని చూసి ఎవరైనా సొంత డబ్బు పూర్తిగా చెల్లించి, రిజిస్టరు చేయించుకుని ఉంటే, అప్పుడు ఆ దస్తావేజులోని ధర తీసుకుంటాను. రిఫైనరీ వస్తే విలువ పెరగదని కాదు. పెరిగితే అది కొన్నవాళ్ల చేతుల మీదుగా దస్తావేజుల్లోకి దానంతట అదే వస్తుంది. అప్పటి దాకా ఆగడమే మన పని.

నీ ఊరికే దీన్ని అన్వయించి చూడు. పోర్టుకు 2022 జులైలో శంకుస్థాపన జరిగింది, పనులు నడిచాయి. ఆ ప్రభావం ఆ తరువాతి దస్తావేజుల్లో నీకు కనిపిస్తుంది, దాన్ని ధైర్యంగా తీసుకో. రిఫైనరీ సంగతి వేరు. 2024 డిసెంబరులో భారత్ పెట్రోలియం బోర్డు ముందస్తు పనులకు 6,100 కోట్ల రూపాయలు ఆమోదించింది. భూమిని గుర్తించి సేకరించడం, అధ్యయనాలు చేయించడం, ఇవీ ఆ పనులు. పెద్ద మొత్తమే, కాని అది ఫ్యాక్టరీ కాదు. రిపోర్టులో ఒక పేరా రాయి, తేదీతో సహా.

ఇంకొక సంగతి కూడా చూడాలి, దీన్ని చాలామంది మరిచిపోతారు. పెద్ద ప్రాజెక్టు పక్కన ఉన్న ఇంటికి ధర పెరగవచ్చు, లేదా ఆ ఇల్లే భూసేకరణ హద్దులోకి పోవచ్చు. పక్కనే కరేడులో 2025లో రైతులు సేకరణకు ఎలా ఎదురు నిలిచారో నువ్వు చూశావు. నీ ఇంటి సర్వే నంబరు ఏదైనా నోటిఫికేషన్‌లో ఉందేమో తహసీల్దారు కార్యాలయంలో అడిగి తెలుసుకో. ఉంటే ఆ మాట మొదటి పేజీలోనే ఉండాలి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం లెక్క కట్టేటప్పుడు రిజిస్ట్రేషన్ విలువను, గత మూడేళ్ల అమ్మకాల్లో ఎక్కువ ధర ఉన్న సగం దస్తావేజుల సగటును పోల్చి, ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు. దానిపై నూటికి నూరు శాతం అదనంగా ఇస్తారు. స్టాంపు సుంకం మిగులుతుందని తక్కువ ధర రాయించుకున్న ఊళ్లు అక్కడ ఎంత నష్టపోతాయో ఆలోచించు. ఊరంతా కలిసి తమ నేల చవకని సాక్ష్యం చెప్పినట్టే కదా! నిన్ను సలహా అడిగిన ప్రతి రైతుకూ ఈ మాట చెప్పు.

ఇక రిజిస్ట్రేషన్ విలువ. ఈ ప్రభుత్వం 2025 ఫిబ్రవరి 1 నుంచి దాన్ని సవరించింది. చాలాచోట్ల పెంచారు. పెరగబోతున్నాయని తెలిసి జనవరి చివరి రోజుల్లో సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలు కిక్కిరిశాయి. ఆ వారంలోని దస్తావేజులను పోలికకు తీసుకునేటప్పుడు కొంచెం ఆగి చూడు. వాటిలో చాలా బేరాలు అంతకు ముందెప్పుడో కుదిరినవి, కొన్ని ఇంట్లోవాళ్ల మధ్య రాసుకున్నవి. అప్పటికప్పుడు బజారులో కుదిరిన ధరలు కావు. ఫిబ్రవరి 1 ఉదయం ఏ ఇంటికీ ఒక్క ఇటుక అదనంగా రాలేదు. మారింది కొనేవాడి ఖర్చు. స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి ఏడున్నర శాతం కదా, అది ఇప్పుడు పెద్ద అంకె మీద పడుతుంది. గృహరుణంలో బ్యాంకు ఈ ఖర్చును సాధారణంగా విలువలో కలపదు. అందువల్ల కొనేవాడు చేతి నుంచి పెట్టుకోవలసింది పెరిగి, చిన్న ఇళ్ల బేరాలు కొన్నాళ్లు నిలిచిపోతాయి. అంటే ప్రభుత్వ విలువ పెరిగిన చోట అసలు ధర కాస్త నీరసపడడం కూడా జరుగుతుంది. పుస్తకంలో అంకె పెరిగింది కాబట్టి ఇల్లు కూడా పెరిగిందని రాయకు.

ప్రభుత్వ విలువ అసలు ధరను దాటిపోయిన వీధులు కూడా ఉంటాయి. అక్కడ అమ్మేవాడికి ఆదాయపు పన్ను చిక్కు వస్తుంది. బేరం ధర కంటే ప్రభుత్వ విలువ పది శాతానికి మించి ఎక్కువ ఉంటే, ఆ ప్రభుత్వ విలువకే అమ్మినట్టు లెక్క కడతారు. కొన్నవాడికి కూడా ఆ తేడా ఆదాయమవుతుంది. అలాంటప్పుడు నిజమైన ధర ఇంతేనని నిలబడి చెప్పే రిపోర్టు వాళ్లకు అవసరం. ఢిల్లీలో 2024 జులై బడ్జెట్ తెచ్చిన మార్పు కూడా నీ బల్ల మీదికి వస్తుంది. ఆస్తి అమ్మితే వచ్చే దీర్ఘకాలిక లాభంపై పన్ను పన్నెండున్నర శాతం అన్నారు, ద్రవ్యోల్బణం సర్దుబాటు తీసేశారు. అయితే 2024 జులై 23కు ముందు కొన్న నేల, ఇల్లు అయితే, వ్యక్తులకు పాత పద్ధతిలో ఇరవై శాతం సర్దుబాటుతో లెక్కించుకునే వీలు ఉంచారు. తాతల నాటి ఇల్లు అమ్మేవాళ్లు 2001 ఏప్రిల్ 1 నాటి విలువ కట్టమని నీ దగ్గరికి వస్తారు. ఆ విలువ ఆనాటి రిజిస్ట్రేషన్ విలువను దాటకూడదు. ఇది తెలియక పెద్ద అంకె రాసి ఇచ్చి, వాళ్లను నోటీసుల పాలు చేసినవాళ్లను నేను చూశాను.

యాజమాన్యం విషయంలో గట్టిగా ఉండు. భూ హక్కుల చట్టాన్ని (ల్యాండ్ టైట్లింగ్ చట్టం) 2024 జులైలో అసెంబ్లీ రద్దు చేసింది. రిజిస్టరులో పేరుంటే చాలు అనే ఆలోచన దానితోనే పోయింది. లింకు దస్తావేజులు (అంతకు ముందరి అమ్మకాలవి), ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీల ధ్రువపత్రం), పన్ను రసీదులు, అన్నీ మునుపటిలాగే చూడాలి. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు వస్తుంది. పాతదీ కొత్తదీ రెండూ రాయి. రెండింటి విస్తీర్ణం తేడాగా ఉంటే తక్కువది తీసుకో. చుక్కల భూమి (రికార్డులో యజమాని పేరు బదులు చుక్కలున్నది), డీకేటీ పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) అని ఏ మాత్రం వాసన వచ్చినా, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితా చూడకుండా కలం ఎత్తకు. అలా పేదలకు ఇచ్చి ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములను అమ్ముకోవచ్చని 2023లో ఒక ప్రభుత్వం అంది, 2024లో వచ్చిన ప్రభుత్వం ఆ రిజిస్ట్రేషన్లు ఆపింది. మధ్యలో చిక్కుకున్నది కొన్నవాడే.

కట్టడం ఖర్చు సులభం. సిమెంటుపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాదు, 18. ఇసుక 2024 జులై నుంచి ఉచితమన్నారు, కాని తవ్వకం కూలీ, లారీ బాడుగ ఉంటాయి. నిరుటి అడుగు ధర ఈ ఏడు వాడకు, స్థానిక మేస్త్రీని అడుగు.

చివరిగా కొలత. నెల్లూరు అంకణం 36 చదరపు అడుగులు, కొన్నిచోట్ల 72. సెంటు 435.6 చదరపు అడుగులు, అంటే నెల్లూరు లెక్కన పన్నెండు అంకణాలకు కొంచెం పైన. నువ్వు వెళ్లిన ఊళ్లు 2022కు ముందు మన ప్రకాశం జిల్లాలోవి, ఆ ఏడాది నెల్లూరు జిల్లాలో కలిపారు. అక్కడివాళ్లు అంకణం అంటే ఏ అంకణమో అడగకుండా లెక్క వేస్తే విలువ సగం తారుమారవుతుంది. నీకు వచ్చిన రెండు ధరల తేడాలో కొంత ఇదేనని నా అనుమానం.

ఆ ఇంటికి మళ్లీ ఒకసారి వెళ్లు. ఈసారి యజమానితో కాదు, ఇంట్లోవాళ్లతో మాట్లాడు. అప్పు దేనికోసమో అడుగు. మరో నేల కొనడానికైతే, రేపు ఈ ఇల్లు అత్యవసరంగా అమ్మవలసి వస్తే ఎంత వస్తుందో ఆ అంకెను వాళ్లకు అర్థమయ్యేలా నోటితో చెప్పు. రిపోర్టులో ఎలాగూ ఒక గడి ఉంటుంది, కాని దాన్ని ఎవరూ చదవరు. దొనకొండలో నేను చెప్పలేదు.

చిత్తుప్రతి పంపించు. ఆదివారం నాటికి అందితే పోలికకు తీసుకున్న దస్తావేజులన్నీ నేను కూడా ఒకసారి చూస్తాను. అత్తయ్య నీకు ఉలవపాడు మామిడి తాండ్ర పెట్టి ఉంచింది, వచ్చినప్పుడు తీసుకువెళ్లు.

ఇట్లు
మామయ్య