బాబు మ్యాగజైన్ డిజైన్ అంటున్నాడు, పంపొచ్చా?

తెనాలి నుంచి ఒకమ్మ రాశారు: "మావాడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ సర్. ప్రింట్ మ్యాగజైన్లు మళ్ళీ వస్తున్నాయంట, ఇంజినీరింగ్ వద్దు, మ్యాగజైన్ డిజైన్ నేర్చుకుంటానని కూర్చున్నాడు. వాళ్ళ నాన్నగారు వాడితో మాట్లాడ్డమే మానేశారు. ఏం చెయ్యమంటారు?"

అమ్మా, మీవాడు చెప్పేది గాలి కబురేం కాదు. అమెరికాలో ది ఆనియన్ అనే వెటకారం పేపరు 2013లో ప్రింట్ ఆపేసి 2024లో మళ్ళీ మొదలెట్టింది. న్యూస్‌వీక్ అనే వారపత్రిక కూడా 2012 ఆఖర్లో కాగితం మానేసి 2014లో తిరిగొచ్చింది, కాకపోతే ఎలా వచ్చిందో చూడాలి, రేటు పెంచి కాపీలు తగ్గించి చందాదార్లని నమ్ముకుని వచ్చింది. పుస్తకం వచ్చింది గానీ దాని వెనకాల ఒకప్పుడున్న అన్ని ఉద్యోగాలు రాలేదు. మన దగ్గర 1947లో మొదలైన చందమామే ఆగిపోయింది, చతుర, విపుల ఆగిపోయాయి. పాత సంచికలు వెతుక్కుని కొనేవాళ్ళున్నారు, నేనూ కొంటా, దాంతో ఎవడికీ జీతం రాదు కదా.

అందుకే మ్యాగజైన్ అనే మాట మీద నాలుగేళ్ళు పెట్టొద్దంటాను, పేజీ కట్టే పని, అంటే లేఅవుట్ మీదైతే పెట్టొచ్చు. ఆ పని వచ్చినోడికి పాఠ్యపుస్తకాలు, కేటలాగులు, మందుల డబ్బాలు, యాప్ స్క్రీన్లు అన్నీ ఉన్నాయి, మ్యాగజైన్ దొరికితే అదృష్టం. మీకు దగ్గర్లోనే గుంటూరు వైపు ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్ ఉంది, బీడిజైన్‌కి ఏ గ్రూపైనా పర్లేదు, ఎంట్రన్స్ రాయాలి. హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) అప్లైడ్ ఆర్ట్ కోర్సు ఉంది. రెండూ చూడండి.

కానీ ఫీజు కట్టే ముందు వాడితో ఒక పని చేయించండి. సొంతంగా 16 పేజీల చిన్న పత్రిక తయారుచేసి ప్రెస్సుకి తీసుకెళ్ళమనండి. పదహారే ఎందుకంటే మామూలు బుక్కు సైజుకి ఫారం అంటే, ప్రెస్సులో ఒక పెద్ద షీటు రెండు వైపులా అచ్చేసి మడిస్తే వచ్చేవి, 16 పేజీలు. నేను కాలేజీలో సావనీర్‌కి 18 పేజీలు పట్టుకెళ్తే ప్రెస్సాయన నవ్వి, పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు లెక్కన ఉండాలి, రెండు తీసేస్తావా ఇంకో రెండు తెస్తావా అన్నాడు, రాత్రికి రాత్రి రెండు పేజీల కవిత్వం నేనే రాశా (దాని సంగతి అడక్కండి). మీవాడికీ ఇలాంటివే తగుల్తాయి. అను ఫాంట్స్ అనే పాత డీటీపీ తెలుగు ఫాంట్లలో కొట్టిన మేటర్ ఫోన్లలో వాడే యూనికోడ్‌లోకి మారిస్తే వత్తులు ఎగిరిపోతాయి, ఫోన్లో మెరిసిన నీలం మ్యాప్‌లితో అనే మెరుపు లేని మామూలు కాగితం మీద చప్పగా పడుతుంది, అంచు దాకా పెట్టిన బొమ్మకి బయట కాస్త ఎక్స్‌ట్రా వదలకపోతే కటింగ్‌లో తెల్ల గీత కనపడుతుంది. ఇవన్నీ చూశాక చిరాకు పడి వదిలేశాడంటే మీకు డబ్బు మిగిలినట్టే, మళ్ళీ వేద్దాం అన్నాడంటే మాత్రం ఎంట్రన్స్‌కి పంపండి. ఈలోపు జేఈఈ, ఈఏపీసెట్ అప్లికేషన్లు ఆపొద్దు.

ప్రూఫు దిద్దే పని మాత్రం వాళ్ళ నాన్నగారికి ఇమ్మనండి. అచ్చుతప్పు కనపడితే ఏ తండ్రీ నోరుమూసుకుని కూర్చోలేడు.