గాల్లో ఒక ఇంజిన్ ఆగిపోతే కాక్‌పిట్‌లో ఏం జరుగుతుంది?

రెండు ఇంజిన్ల విమానంలో గాల్లో ఉండగా ఒకటి ఆగిపోతే పైలట్లు ఏం చేస్తారు, విమానం పడిపోదా, లోపల వాళ్లకు టెన్షన్ ఉండదా అని అడిగారు. నేను ప్రయాణికుల జెట్ నడిపే పైలట్‌ని. కో-పైలట్‌గా ఉన్న రోజుల్లో ఇది నాకు నిజంగానే ఎదురైంది. అందుకే పుస్తకంలో ఉన్నదీ, నేను చూసిందీ కలిపి చెబుతాను.

విమానం పడిపోదు. టేకాఫ్ పరుగులో ఇక ఆగడానికి వీల్లేని వేగం ఒకటి ఉంటుంది, దాన్ని వీ వన్ అంటాం. ఆ వేగం దాటాక ఒక ఇంజిన్ పోయినా, మిగిలినదానితో పైకి ఎక్కగలదని నిరూపిస్తేనే ఆ మోడల్‌కి ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి వస్తుంది. బరువు, రన్‌వే పొడవు, ఉష్ణోగ్రత, గాలి చూసి ప్రతి టేకాఫ్‌కీ ఈ వేగాన్ని విడిగా లెక్క కడతాం. సిమ్యులేటర్ పరీక్షల్లో సరిగ్గా అక్కడే ఇంజిన్ పోగొట్టి మమ్మల్ని మళ్లీ మళ్లీ పరీక్షిస్తారు. క్రూజ్‌లో, అంటే పైకెక్కాక ఒకే ఎత్తులో సాగుతున్నప్పుడు, పోతే దానికన్నా తేలిక. చేతిలో ఎత్తు ఉంటుంది, ఎత్తుంటే టైమ్ ఉన్నట్టే.

మాకు జరిగింది క్రూజ్‌లోనే, రాత్రి పూట. ఢమ్మని ఒక శబ్దం, వెంటనే మరో రెండు మూడు. విమానం ముక్కు కుడివైపుకి లాగింది. కుడి ఇంజిన్ ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత ఎర్ర గీత దాటి పోతోంది. నా గుండె దడదడలాడింది, నోరు ఎండిపోయింది. టెన్షన్ ఉండదా అంటే ఇదిగో, ఇలా ఉంటుంది. విమానం కెప్టెన్ చేతిలో ఉంది. ఆయన తోకమీది రడ్డర్‌ని కదిలించే పెడల్‌ని ఎడమ కాలితో నొక్కి ముక్కును సరిచేసి, "తొందరేం లేదు. ఏం కనిపిస్తోందో చదవండి" అన్నారు. నేను మీటర్లు ఒక్కొక్కటే పైకి చదివాను.

తర్వాత కుడి ఇంజిన్ శక్తిని పెంచే, తగ్గించే థ్రస్ట్ లీవర్ మీద చెయ్యి వేసి ఆగాను. "కుడి లీవర్, కన్ఫర్మ్?" అన్నాను. ఆయన మీటర్ చూశారు, లీవర్ చూశారు, దాని మీదున్న నా చెయ్యి చూశారు. "కన్ఫర్మ్‌డ్" అన్నాకే మెల్లగా వెనక్కి లాగాను. చప్పుళ్లు ఆగాయి, ఉష్ణోగ్రత మాత్రం దిగలేదు. అంటే ఇంజిన్‌ని పూర్తిగా ఆపెయ్యాల్సిందే. ఫ్యూయల్ స్విచ్ దగ్గర కూడా అదే వరస: చెయ్యి వేయడం, అడగడం, ఆయన చూడటం, ఒప్పుకోవడం, అప్పుడు ఆపడం. బయటివాళ్లకి ఇది నత్తనడకలా అనిపించొచ్చు. నా దృష్టిలో మా వృత్తి మొత్తంలో ఇంతకన్నా విలువైన అలవాటు లేదు.

ఎందుకంటే ఒక ఇంజిన్ పోయినా విమానం ఎగురుతుంది, కానీ బాగున్న ఇంజిన్‌ని మనమే ఆపేస్తే ప్రాణాలు పోతాయి. 1989 జనవరి 8న ఇంగ్లండ్‌లోని కెగ్‌వర్త్ దగ్గర బోయింగ్ 737-400 ఒకటి కూలింది. ఫ్యాన్ బ్లేడు విరిగింది ఎడమ ఇంజిన్‌లో. పైలట్లు ఆపింది కుడి ఇంజిన్. అది ఆపే క్రమంలో వైబ్రేషన్, పొగ కాస్త తగ్గినట్టు అనిపించేసరికి సరైనదే ఆపామనుకున్నారు. చివరికి దిగబోతుండగా ఎడమది పూర్తిగా చేతులెత్తేసింది. 47 మంది చనిపోయారు. 2015 ఫిబ్రవరిలో తైవాన్‌లోని తైపీలో ఏటీఆర్ 72 అనే రెండు ఇంజిన్ల ప్రొపెల్లర్ విమానం ఒకటి టేకాఫ్ అయిన కొద్దిసేపటికే ఇలాగే జరిగింది. ఒక ఇంజిన్ శక్తి పోతే, పనిచేస్తున్న రెండోదాన్ని తగ్గించి ఆపేశారు. 43 మంది పోయారు.

మళ్లీ మా ఫ్లైట్ సంగతికి వస్తాను. ఒక్క ఇంజిన్‌తో ఆ ఎత్తులో నిలబడలేం. అందుకే మిగిలిన ఇంజిన్‌ని ఎంతసేపైనా నడపగలిగే గరిష్ఠ శక్తికి తెచ్చి, నెమ్మదిగా కిందికి జారుతూ అది మోయగల ఎత్తు చేరుకుంటాం. మేడే, అంటే ప్రాణాపాయపు అత్యవసర పిలుపు, ఇవ్వగానే కింద విమానాల దారి చూసే కంట్రోలర్ దిగడానికి అనుమతిచ్చి, విమానంలో ఎంతమంది ఉన్నారు, ఇంధనం ఎంత ఉంది అని అడిగారు. "స్టాండ్‌బై" అన్నాను, అంటే కాస్త ఆగమని. ముందు విమానం, తర్వాత దారి, ఆ తర్వాతే మాటలు. కంట్రోలర్లకీ ఆ సంగతి తెలుసు, ఎవరూ నొచ్చుకోరు.

ఎక్కడ దిగాలి అన్నప్పుడు దూరం ఒక్కటే చూడం. రన్‌వే పొడవు, వాతావరణం, ఫైర్ సర్వీస్ కూడా చూస్తాం. మా జెట్‌లో ఇంధనం పారబోసే ఏర్పాటు లేదు, కాబట్టి బరువుగానే దిగాలి. అలా దిగొచ్చు, కాకపోతే తర్వాత విమానాన్ని పరీక్షించాలి. దిగేటప్పుడు రెక్కల వెనక కిందికి దించే పలకల్ని, అంటే ఫ్లాప్స్‌ని, మామూలుకన్నా తక్కువ వేసుకుని కొంచెం ఎక్కువ వేగంతో వచ్చాం. ఏ కారణంచేతైనా మళ్లీ పైకి లేవాల్సి వస్తే ఒక్క ఇంజినే లాగాలి కదా. రన్‌వే మీదే ఆగాం, ఫైర్ సిబ్బంది ఇంజిన్‌ని, బ్రేకుల్ని చుట్టూ తిరిగి చూశారు, ఆ తర్వాత ఒక్క ఇంజిన్‌తోనే పార్కింగ్ దాకా వెళ్లాం.

అన్నిసార్లూ ఇంత నిదానం కుదరదు. ఇంజిన్‌కి మంట అంటుకుని, మంటలార్పే రెండు ఫైర్ బాటిళ్లూ వాడినా ఆరకపోతే వీలైనంత త్వరగా దిగిపోవాల్సిందే. కానీ ఎగరగలిగే స్థితి ఉంటే టైమ్ తీసుకోవడమే మంచిది. 2010 నవంబర్ 4న సింగపూర్ నుంచి బయల్దేరిన క్వాంటాస్ ఏ380లో ఒక ఇంజిన్ పేలి, దాని ముక్కలు రెక్కలోంచి దూసుకెళ్లాయి, సిస్టమ్స్ వరసగా దెబ్బతిన్నాయి. అక్కడి పైలట్లు చెక్‌లిస్టులు పూర్తిచేయడానికే దాదాపు 50 నిమిషాలు తీసుకున్నారు. అందులో ఉన్న 469 మందీ క్షేమంగా దిగారు.

ఇక క్యాబిన్. చీఫ్ క్యాబిన్ క్రూకి కెప్టెన్ నాలుగు విషయాలు చెబుతారు: ఏమైంది, ఏం చేయబోతున్నాం, ఎంత టైమ్ ఉంది, వాళ్లు ప్రత్యేకంగా చేయాల్సింది ఏమైనా ఉందా. విన్నది ఆవిడ తిరిగి చెప్పాలి. మాట అటునుంచి కూడా రావాలి. కెగ్‌వర్త్‌లో ఎడమ ఇంజిన్ నుంచి మంటలు రావడం వెనక కూర్చున్నవాళ్లు కళ్లారా చూశారు. కుడి ఇంజిన్‌లో సమస్య అని కెప్టెన్ అనౌన్స్ చేసినా, ఆ తేడాని ముందుకి ఎవరూ చేరవేయలేదు. మా జెట్‌లో కాక్‌పిట్ నుంచి ఇంజిన్లు కనిపించవు. మీరు రెక్క దగ్గర కూర్చుని నిప్పురవ్వలో, పొగో చూస్తే క్యాబిన్ క్రూని పిలిచి ఏ వైపో స్పష్టంగా చెప్పండి. పైలట్లకి తెలిసే ఉంటుందిలే అని ఊరుకోకండి. ఆ రాత్రి ఫ్యూయల్ స్విచ్ ఆపకముందే మా చీఫ్ ఫోన్ చేసి, కుడివైపు కిటికీల దగ్గరివాళ్లు మంట చూశామంటున్నారని చెప్పారు. మా మీటర్లూ అదే వైపు చూపిస్తున్నాయి.