పైరేట్స్ టోపీ పెట్టుకున్న మేనకోడలికి

చి. బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

యూనివర్సిటీ ఆఫ్ పిట్స్‌బర్గ్‌లో చేరిన రెండు నెలలకే ఆ ఊరి బేస్‌బాల్ జట్టు పైరేట్స్ టోపీ కొన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. ఆ టోపీ పదేళ్లయినా నీ నెత్తి మీద ఉండాలంటే మాత్రం కొన్ని సంగతులు ఇప్పుడే తెలుసుకోవాలి తల్లీ.

ఈ జట్టు 1993 నుంచి 2012 దాకా వరసగా 20 సీజన్లు గెలుపుల కంటే ఓటములే ఎక్కువగా మూటగట్టుకుంది. అమెరికా పెద్ద లీగుల్లో అంత పొడుగు వరస మరే జట్టుకూ లేదు. 2013 నుంచి మూడేళ్లు వెలిగింది. మళ్లీ 2021లో 101, 2022లో 100, 2025లో 91 మ్యాచ్‌లు ఓడింది. అందుకని 'వచ్చే ఏడు చూద్దాం' అనే ఆశ మీద అభిమానాన్ని నిలబెట్టకు. ఆ ఆశ ఏటా జూన్‌కల్లా కరిగిపోతుంది. ఈ సాయంత్రం, ఈ ఇన్నింగ్స్‌లో చూడ్డానికి ఏముందో దాన్ని పట్టుకో.

క్రికెట్ ఇంట్లో పెరిగినదానివి. ఒక మ్యాచ్ పోతే అన్నం సయించదు మనకి. ఇక్కడ అలా పెట్టుకుంటే మే నెలకే మంచం ఎక్కుతావు. సీజన్‌కి 162 మ్యాచ్‌లు, అందులో 81 సొంత మైదానంలో. 100 ఓడిన ఏడాది కూడా 62 గెలిచారు, అంటే ఐదింటికి ఇంచుమించు రెండు. ఒక్క మ్యాచ్‌ని బట్టి బాధపడకు, మూడు మ్యాచ్‌ల సిరీస్ మొత్తాన్ని ఒకటిగా లెక్కేసుకో. ఒకటి గెలిస్తే సరే, రెండు గెలిస్తే పండగ. పాయింట్ల పట్టిక సోమవారం పొద్దున ఒక్కసారే చూడు. రోజూ చూసేవాళ్లే ముందు అలిసిపోతారు.

ఏ మ్యాచ్‌కి వెళ్లాలన్నది పిచ్చర్‌ని, అంటే బంతి వేసేవాణ్ణి బట్టి తేల్చుకో. ఎవరు మొదలుపెడతారో కొన్ని రోజుల ముందే చెబుతారు. ఒక్కో స్టార్టర్ ఐదారు రోజులకోసారి వస్తాడు కాబట్టి నీకు నచ్చినవాడి వంతు ఎప్పుడో వేళ్ల మీద లెక్కేసుకోవచ్చు. పాల్ స్కీన్స్ సంగతే చూడు. 2025లో తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున 1.97 పరుగులే ఇచ్చాడు, మేటి పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు తెచ్చుకున్నాడు. అయినా అతని ఖాతాలో 10 గెలుపులు, 10 ఓటములు! మనవాళ్లు పరుగులు తీయకపోతే అతను మాత్రం ఏం చేస్తాడు? అతను బంతి వేసే రోజున స్కోరు బోర్డు కంటే అతని చెయ్యే ఎక్కువ చూడు.

ఇక స్కోరు కార్డు. నా మాట విని ఇది తప్పకుండా నేర్చుకో, ఓడే జట్టుని చూడ్డానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. కాగితం మీద, పెన్సిల్‌తో రాయాలి. హిట్ (బ్యాటర్ గొప్ప) అన్నదాన్ని అధికారిక స్కోరర్ తర్వాత ఎర్రర్‌గా (ఫీల్డర్ తప్పుగా) మార్చడం మామూలే, పెన్ అయితే కార్డంతా కొట్టివేతలే. ఫీల్డింగ్‌లో ఒక్కో స్థానానికీ ఒక అంకె ఉంటుంది: పిచ్చర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, లెఫ్ట్, సెంటర్, రైట్ ఫీల్డర్లు 7, 8, 9. కొత్తవాళ్లు తడబడేది షార్ట్‌స్టాప్ దగ్గరే. నిలబడేది సెకండ్, థర్డ్ బేసుల మధ్య కాబట్టి 5 అని రాసేస్తారు. కాదు, 6. ఫస్ట్ బేస్ మీద ఒకడున్నప్పుడు బంతి దొర్లుతూ షార్ట్‌స్టాప్ చేతికెళ్లి, అక్కణ్ణించి సెకండ్ బేస్‌కి, అక్కణ్ణించి ఫస్ట్ బేస్‌కి చేరి ఇద్దరూ అవుటైతే బ్యాటర్ గడిలో 6-4-3 అని రాసి డబుల్ ప్లే అని గుర్తు పెట్టు. బ్యాట్ ఊపి తప్పి అవుటైతే ఇంగ్లీషు కే అక్షరం, ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైతే అదే కే తిరగేసి. ప్రతి ఇన్నింగ్స్ కింద, బేసుల మీద ఎంతమంది మిగిలిపోయారో ఒక అంకె వెయ్యి. ఆఖర్న ఆ అంకెలు కూడితే 11 వచ్చిందనుకో, ఓటమి ఎక్కణ్ణించి వచ్చిందో నీ కాగితమే చెబుతుంది. 'ఛ, మళ్లీ ఓడారు' అనే బదులు 'ఆరో ఇన్నింగ్స్‌లో మూడు బేసులూ నిండి ఉండగా బంతి షార్ట్‌స్టాప్ చేతికెళ్లింది' అంటావు. అంత వివరంగా తెలిశాక కోపం దానంతటదే తగ్గుతుంది.

జట్టు సొంత మైదానం పీఎన్‌సీ పార్క్ 2001లో తెరిచారు. కూర్చోవాల్సింది థర్డ్ బేస్ వైపు పై అంతస్తులో. టికెట్టు చవక. ఎదురుగా అలెఘెనీ నది, దాని వెనక ఊరి భవనాలు. పైరేట్స్ డగౌట్ కూడా ఆ వైపే. రైట్ ఫీల్డ్ గోడ ఎత్తు సరిగ్గా 21 అడుగులు, పైరేట్స్ పాత దిగ్గజం రాబర్టో క్లెమెంటే వేసుకున్న నంబరు అది. మ్యాచ్ రోజుల్లో ఆయన పేరున్న వంతెన మీద కార్లు ఆపేస్తారు. డౌన్‌టౌన్ నుంచి నడిచి వెళ్లు. ఏప్రిల్ రాత్రులు నది గాలి కోసేస్తుంది, స్వెట్టర్ మీద కోటు, కాళ్ల మీదకి దుప్పటి తప్పదు. ఆదివారం మ్యాచ్‌లు మామూలుగా మధ్యాహ్నం 1:35కి. పొద్దున్నే పెన్ హిల్స్‌లో వెంకన్న దర్శనం చేసుకుని, గుళ్లో పులిహోర కట్టించుకుని వెళ్లొచ్చు. బయటి తిండి, సంచీల నియమాలు మారుతుంటాయి, ముందు చూసుకో.

ఇంట్లో చూస్తానంటే ఒక చిక్కుంది. లీగు వాళ్ల ఆన్‌లైన్ ప్రసారం ఎంఎల్‌బీ టీవీ మామూలు చందాతో, పిట్స్‌బర్గ్‌లో ఉన్నవాళ్లకి పైరేట్స్ మ్యాచ్ ప్రత్యక్షంగా రాదు, స్థానిక ఛానల్ హక్కుల వల్ల. రేడియో పెట్టుకో, బేస్‌బాల్‌కి రేడియో బాగా నప్పుతుంది. గుంటూరులో మీ అమ్మకి మాత్రం ఆ అడ్డు లేదు. సాయంత్రం 6:40 మ్యాచ్ ఆవిడకి తెల్లవారుజామున 4:10కి మొదలు.

జెర్సీ కొనేముందు ఆగు. ఈ లీగులో జట్లు పెట్టే జీతాలకి గట్టి పరిమితి లేదు. ఆటగాడు మొదటి మూడేళ్లు దాదాపు కనీస జీతానికి, తర్వాతి మూడేళ్లు మధ్యవర్తులు తేల్చే జీతానికి ఆడతాడు. ఆరేళ్లు నిండాక ఎక్కడికైనా వెళ్లొచ్చు. ఖర్చు పెట్టని జట్టు ఆ గడువు ముంచుకొచ్చే ముందే అతణ్ణి వేరే జట్టుకి ఇచ్చేసి కుర్రాళ్లని తెచ్చుకుంటుంది. 2018 జనవరిలో రెండు రోజుల తేడాతో జట్టులోని పేరున్న ఆటగాళ్లు గెరిట్ కోల్‌నీ, ఆండ్రూ మెకచన్‌నీ పంపేశారు. పెద్ద ఒప్పందం ఉన్నా నమ్మకం లేదు. ఎనిమిదేళ్ల ఒప్పందం చేసుకున్న కిబ్రయన్ హేజ్ 2025 జులైలో సిన్సినాటీ వెళ్లిపోయాడు. కాబట్టి క్లెమెంటే 21, స్టార్జెల్ 8, మజెరాస్కీ 9, ఈ పాత దిగ్గజాల జెర్సీల్లో ఒకటి కొనుక్కో. వాళ్లని ఎవరూ అమ్మలేరు.

యజమాని మీద కోపం న్యాయమైనదే, స్టాండ్స్‌లో 'టీమ్ అమ్మెయ్' అని అరిచేవాళ్లతో గొంతు కలిపినా నేను తప్పనను. ఆటగాడి మీద మాత్రం అరవకు. ఆ కుర్రాడు తనకి చేతనైంది చేస్తున్నాడు.

జులైలో గెలుపులు చూసి అక్టోబర్ ప్లేఆఫ్‌లకి ప్లాన్లు వేసుకోకు. 2012 ఆగస్టు 8న 63 గెలుపులు, 47 ఓటములతో ఉన్న జట్టు చివరికి 79-83తో ముగిసింది. ఆగస్టులో మనసు బాగోకపోతే, తూర్పున రెండు గంటల దూరంలో ఉన్న ఆల్టూనా వెళ్లు. పైరేట్స్ కింది స్థాయి జట్టు ఆడేది అక్కడ, రైట్ ఫీల్డ్ వెనక రోలర్ కోస్టర్ ఉన్న చిన్న మైదానం. ఒకట్రెండేళ్లలో పైకి వచ్చే కుర్రాళ్లని అంత దగ్గరగా ఇంకెక్కడా చూడలేవు. తర్వాత వాళ్లు పెద్ద జట్టులోకి వచ్చిన రోజున పేర్లతో సహా గుర్తుపడతావు.

2013 అక్టోబర్ 1న మన మైదానంలో ప్లేఆఫ్ మ్యాచ్‌లో ఏం జరిగిందో వీడియో ఉంటే చూడు. ఊరంతా నల్ల చొక్కాలు వేసుకుని 'క్వేటో, క్వేటో' అని సాగదీసి అరుస్తుంటే సిన్సినాటీ పిచ్చర్ జానీ క్వేటో చేతిలోంచి బంతి జారింది. మరుసటి బంతికే మన రసెల్ మార్టిన్ హోమ్ రన్, క్రికెట్‌లో సిక్సర్ లాంటిది. 20 ఏళ్లు ఓర్చుకున్న గొంతులవి. ఏటా గెలిచే ఊళ్లో ఆ అరుపు పుట్టదు.

న్యూయార్క్ యాంకీస్ జట్టు అభిమానులైన స్నేహితులు ఎగతాళి చేస్తే 1960 వరల్డ్ సిరీస్ గుర్తుచెయ్యి. ఏడు మ్యాచ్‌ల్లో వాళ్లు 55 పరుగులు చేశారు, మనం 27. సిరీస్ మనది. ఏడో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మజెరాస్కీ కొట్టిన హోమ్ రన్‌తో 10-9. అప్పటి మన మైదానం ఫోర్బ్స్ ఫీల్డ్ గోడ ముక్క ఓక్లాండ్‌లో, మీ క్యాంపస్ పక్కనే ఉంది. ఏటా అక్టోబర్ 13న జనం అక్కడ చేరి పాత రేడియో ప్రసారాన్ని మొదటి నుంచి వింటారు, హోమ్ రన్ సరిగ్గా ఆనాటి టైముకే, మధ్యాహ్నం 3:36కి పడేలా. క్లాసు ఉంటే ముందే సర్దుకో. మడత కుర్చీ, శాలువా, ఫ్లాస్కులో టీ తీసుకుని ఒంటిగంట లోపే వెళ్లు. పక్కన కూర్చున్న పెద్దవాళ్లు స్కోరు కార్డు రాస్తుంటారు, నువ్వూ రాయి.

మీ మావయ్య